బ్రహ్మకమలం మూడేళ్లయినా పూయడం లేదు, మన వేడి పడకేనా?

మొక్క ఏపుగా ఉన్నా పువ్వు మాత్రం లేదని, హిమాలయాల మొక్క కాబట్టి హైదరాబాద్ వేడికి పూయదని పక్కింటివాళ్లు అన్నారని రాశారు. ఆ మాట పట్టించుకోకండి. ఉత్తరాఖండ్ కొండల్లో పూసే బ్రహ్మకమలం వేరు, అది చామంతి కుటుంబంలోది. మన బాల్కనీల్లో అదే పేరుతో పెరుగుతున్నది ఎపిఫిల్లమ్ ఆక్సిపెటలమ్ అనే కాక్టస్. పుట్టిల్లు దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా వైపు అడవులు. దానికి వెచ్చదనం, తేమ రెండూ ఇష్టమే. మాదీ హైదరాబాదే, వానలు పడ్డాక ఏటా పూస్తోంది.

కాక్టస్ అన్నానని ఇసుకలో నాటి మండుటెండలో పెట్టేరు! ఇది ఎడారి మొక్క కాదు. అడవిలో చెట్ల కొమ్మల మీద, పంగల్లో చేరిన ఆకుచెత్తలో వేళ్లు పెట్టుకుని బతుకుతుంది. చెట్టు నుంచి ఆహారం లాక్కోదు, ఆసరా మాత్రమే తీసుకుంటుంది. అందుకే వేళ్లకు గాలి ఆడాలి. ఒట్టి ఎర్రమట్టి నింపితే గట్టిపడి, నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. నేను ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన ఆకుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పీచు ముక్కలు రెండు పాళ్లు కలుపుతాను. పైమట్టి వేలికి పొడిగా తగిలితేనే నీళ్లు. కుండీ పెద్దది వద్దు, వేళ్లు కాస్త ఇరుకుగా ఉన్నప్పుడే ఇది బాగా పూస్తుంది.

మీ విషయంలో నాకు అనుమానం రెండింటి మీద. ఒకటి వెలుతురు. కుండీ హాల్లో సోఫా పక్కన ఉందన్నారు. అక్కడ మొక్క బతుకుతుంది, పూయదు. తూర్పు బాల్కనీలో పొద్దున రెండు మూడు గంటల ఎండ తగిలేలా పెట్టండి. మధ్యాహ్నం ఎండ మాత్రం వద్దు. మే నెలలో కొమ్మలు పసుపుపచ్చగా మారి, మచ్చలు పడతాయి. గ్రీన్ నెట్ కడితే చాలు.

రెండోది, అసలు సంగతి ఇదేననిపిస్తోంది, మీ కత్తెర. వంకరగా వేలాడుతున్నాయని పాత ఆకులు ప్రతి ఏడూ కత్తిరిస్తున్నానన్నారు. మనం ఆకులనుకునేవి నిజానికి చదునైన కొమ్మలు. మొగ్గ వాటి అంచున ఉండే నొక్కుల్లోంచే వస్తుంది, అదీ ముదిరిన కొమ్మలకే. అంటే పూసేందుకు సిద్ధమైనవాటినే తీసేస్తున్నారు. ఎండినవి, కుళ్లినవి తప్ప దేన్నీ ముట్టుకోకండి. కర్రలా గుండ్రంగా, నిటారుగా పొడుగ్గా లేచే కొమ్మలు ఉంటాయి చూడండి, మరీ అడ్డమైతే వాటి కొస తుంచండి. అందం కోసమైతే ఈ మొక్క పెంచకూడదండీ, పువ్వు లేనప్పుడు దీని వాలకం అంతంతమాత్రమే.

ఎరువు సంగతికొస్తే, యూరియా లాంటివి మానేయండి. నత్రజని ఎక్కువైతే పచ్చగా పెరుగుతూ పోతుంది, మొగ్గ వేయదు. ఎండాకాలం చివర్లో పొటాష్, ఫాస్ఫరస్ ఉన్న ఎరువు కొద్దిగా వేస్తే సరిపోతుంది.

మొగ్గ కనిపించాక పువ్వు విచ్చడానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. ఆ రోజుల్లో కుండీని అటూ ఇటూ తిప్పకండి, మట్టి పూర్తిగా ఎండనీయకండి, లేదంటే మొగ్గలు రాలిపోతాయి. కిందికి వేలాడే మొగ్గ మెడ పైకి తిప్పిందంటే ఒకటి రెండు రోజుల్లో పూస్తుందని లెక్క. రాత్రి ఎనిమిది తొమ్మిదికి మొదలై అర్ధరాత్రికి పూర్తిగా విచ్చుకుంటుంది, తెల్లారేసరికి వాడుతుంది. తెల్లటి రంగు, ఆ ఘాటైన వాసన రాత్రి తిరిగే పెద్ద చిమ్మటల కోసం. మా అపార్ట్‌మెంట్‌లో మాత్రం పసుపు కుంకుమలతో మనుషులే ముందు వస్తారు. పూజ చేసుకోనివ్వండి, కానీ మొగ్గను పట్టి లాగొద్దని ముందే చెప్పండి.

కొమ్మల మధ్య తెల్లటి దూదిలా పిండినల్లి కనబడితే తడిబట్టతో తుడిచి వేపనూనె పిచికారీ చేయండి, సాయంత్రం పూటే. ఇంకో మొక్క కావాలంటే, బాగా పూసే మొక్క ఉన్నవాళ్లను ముదురు కొమ్మ ఒక జానెడు అడగండి. కోసిన చోటు ఆరేదాకా కొన్ని రోజులు నీడలో ఉంచి, కింది వైపే మట్టిలోకి వెళ్లేలా నాటండి. లేత కొమ్మతో మొదలుపెట్టిన మొక్క కన్నా అది త్వరగా పూతకొస్తుంది.