కొత్త పిచర్‌ని అప్పుడే వదిలేయకండి

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో మొదటి రెండు మ్యాచుల్లో అదరగొట్టిన కుర్ర పిచర్ (బంతి విసిరేవాడు) మూడో దాంట్లో నాలుగు ఇన్నింగ్స్‌కే ఆరు పరుగులు ఇచ్చేశాడు, ఫాంటసీ టీమ్‌లోంచి (అసలు ఆటగాళ్ల ఆటని బట్టి మనకి పాయింట్లు వచ్చే జట్టు) తీసేయాలా అని అడిగారు. తీసేయొద్దు, ప్రస్తుతానికి బెంచ్ మీద కూర్చోబెట్టండి.

మైనర్స్ (కింది స్థాయి లీగులు) నుంచి కొత్తగా వచ్చినవాళ్లకి ఇది మామూలే. మొదట్లో బ్యాటర్లకి అతని బంతి తెలీదు. వీడియోలు చూసి వచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. మైనర్స్‌లో పై మెట్టయిన ట్రిపుల్-ఎలో, ప్లేట్ (బ్యాటర్ పక్కనుండే పలక) బయటికి వంకర తిరిగి పోయే స్లైడర్ బంతికి బ్యాట్ ఊపేసేవాళ్లు. ఇక్కడ మేజర్స్‌లో కదలరు. కౌంట్ 2-0 (రెండు చెడు బంతులు, స్ట్రైక్ ఒక్కటీ లేదు) అవుతుంది, ఫాస్ట్‌బాల్ మధ్యలో వేయక తప్పదు, అది కాస్తా స్టాండ్స్‌లో పడుతుంది. అందుకే ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున పిచర్ ఖాతాలో పడే పరుగులు, తక్కువైతే మంచిది) కన్నా ముందు వాక్స్ (నాలుగు చెడు బంతులతో బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్) చూడండి. అవి తక్కువగా ఉండి, స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) వస్తూ ఉంటే టెన్షన్ అక్కర్లేదు.

గ్రెగ్ మాడక్స్ అంతటి దిగ్గజ పిచరే 1987లో 6 మ్యాచులు గెలిచి 14 ఓడాడు, ఈఆర్ఏ 5.61. మరుసటి ఏడాది 18 గెలిచాడు. రాయ్ హాలడే 2000లో 10.64 ఈఆర్ఏతో చితికిపోయి, మైనర్స్‌లో ఇంకా కింది మెట్టు సింగిల్-ఎ దాకా దిగి, బంతి వేసే తీరే మార్చుకుని 2003లో సై యంగ్ (ఏటా ఉత్తమ పిచర్‌కిచ్చే అవార్డు) కొట్టాడు. 2024లో పాల్ స్కీన్స్ వచ్చీ రాగానే 1.96 ఈఆర్ఏతో దుమ్ములేపాడు నిజమే, కానీ అలాంటివాళ్లు ఎప్పుడో ఒకరు. అందర్నీ ఆయనతో కొలిస్తే ఎవరూ ఆనరు.

ఇంకో సంగతి. కుర్ర చేతులు పాడవకుండా క్లబ్బులు వాళ్లు వేసే ఇన్నింగ్స్ సంఖ్యకి కళ్లెం వేస్తాయి. మీ ఫాంటసీ లీగ్ ప్లేఆఫ్స్ సెప్టెంబర్‌లో అయితే సరిగ్గా అప్పుడే అతన్ని పక్కన పెట్టేయొచ్చు, అనుభవమున్న పిచర్‌ని ఒకరిని ఇప్పుడే పట్టి ఉంచుకోండి.