కొబ్బరిచెట్టు కొడితే ఇంటిమీద పడుతుందా?

పర్లాకిమిడిలో మీ పెరటి కొబ్బరిచెట్టు ఇంటి గోడకు 12 మీటర్ల దూరంలో ఉందని, మొదలు నరికితే గోడదాకా వస్తుందా అని అడిగారు. 10 మీటర్ల దూరం నుంచి చూస్తే కొన 50 డిగ్రీల కోణంలో కనిపించిందన్నారు కదా, లెక్కకు అది చాలండీ.

లంబకోణ త్రిభుజంలో కోణానికి ఎదుటి భుజాన్ని (ఇక్కడ చెట్టు ఎత్తు) ఆసన్న భుజంతో (చెట్టుకు మీరున్న దూరం) భాగిస్తే ఆ కోణం టాంజెంట్ (టాన్) వస్తుంది. టాన్ 50 విలువ సుమారు 1.19. దాన్ని 10తో గుణిస్తే 11.9 మీటర్లు. గోడకు తగలదులే అని ఇక్కడే ఆగిపోకండి! మీరు కోణం కొలిచింది నేల మీద నుంచి కాదు, కంటి ఎత్తు నుంచి. ఆ 1.5 మీటర్లూ కలిపితే 13.4. ఇంటివైపు ఒరిగితే గోడ మీద పడడం ఖాయం.

ఫోనుతో కొలిచినప్పుడు రెండు డిగ్రీల తేడా మామూలే. 52 అయితే ఎత్తు 14.3 అవుతుంది. అందుకని నేల చదునుగా ఉన్న వైపు, కొన 45 డిగ్రీల్లో కనిపించేదాకా వెనక్కి జరిగి మళ్లీ చూడండి. టాన్ 45 విలువ 1 కాబట్టి, మొదలుకు మీరున్న దూరానికి కంటి ఎత్తు కలిపితే అదే చెట్టు ఎత్తు. గురి మాత్రం అన్నిటికంటే పైనున్న మట్ట కొసకు పెట్టండి.

ఎలా చూసినా మొదలు నరకనివ్వకండి. చెట్టెక్కేవారిని పిలిచి, ముందు మట్టలు కొట్టించి, మానును పైనుంచి ముక్కలుగా కోయించి తాళ్లతో దింపించండి.