ఒడ్డా ఊరు మారలేదండీ, మారింది మున్సిపాలిటీయే

నార్వేలోని ఒడ్డా ఊరి గురించి పాత పుస్తకంలో "ఒడ్డా మున్సిపాలిటీ, హొర్డలాండ్" అని ఉంది, ఇప్పటి మ్యాప్‌లో అదే ఊరు "ఉలెన్స్‌వాంగ్, వెస్ట్‌లాండ్" కింద ఉంది (హొర్డలాండ్, వెస్ట్‌లాండ్ అనేవి మన జిల్లాల్లాంటి కౌంటీలు), ఏది తప్పని అడిగారు కదా. రెండూ కరెక్టేనండీ, కాలమే తేడా. టెన్షన్ పడకండి.

ఒడ్డా మొదట ఉలెన్స్‌వాంగ్ మున్సిపాలిటీలోనిదే. హర్దాంగర్ ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రం) నుంచి సన్నటి పాయ ఒకటి దక్షిణానికి చీలుతుంది, పేరు సోర్‌ఫ్యోర్డ్. దాని కొసన, కొండల నడుమ ఇరుక్కుని ఉంటుందీ ఊరు. జలపాతాల కరెంటుతో 1908లో కార్బైడ్ ఫ్యాక్టరీ మొదలైంది. పల్లె కాస్తా కార్మికుల ఊరైంది. పైన ఒడ్డు పొడవునా ఆపిల్ తోటల రైతులు, కొసన ఫ్యాక్టరీ పొగ. ఇద్దరికీ పొత్తు కుదరడం కష్టమే కదా! 1913లో ఒడ్డా సొంత మున్సిపాలిటీగా వేరు కాపురం పెట్టింది. 1964లో పక్కనున్న రోల్డాల్ మున్సిపాలిటీ వచ్చి ఒడ్డాలో కలిసింది. ఫ్యాక్టరీ 2003లో మూతపడింది.

2020 జనవరి 1న ఒడ్డా, యోండాల్, ఉలెన్స్‌వాంగ్ మున్సిపాలిటీలు ఒకటయ్యాయి. అదే రోజు హొర్డలాండ్ కూడా వెస్ట్‌లాండ్‌లో కలిసిపోయింది. తమాషా ఏంటంటే, పేరు ఉలెన్స్‌వాంగ్‌ది, ఆఫీసు మాత్రం ఒడ్డాలో!

మీ నోట్స్‌లో 1913-2019 మధ్యవాటికి "ఒడ్డా" అనే ఉంచేయండి.