అద్దె ఇంట్లో వేసిన చెక్క పందిరి ఎవరిది?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇండిపెండెంట్ ఇల్లు అద్దెకు తీసుకున్నాం. గేటు నుంచి వరండా దాకా ఉన్న దారి మీద రాధామనోహరం పాకించడానికి 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున చెక్క పందిరి వేయించాలనుకుంటున్నాం. గుంజలను 2 అడుగుల లోతున పాతి కాంక్రీటు పోస్తేనే గట్టిగా నిలుస్తాయని వడ్రంగి అంటున్నాడు. ఓనరు ఫోన్లో 'మీ ఇష్టం' అన్నారు. ఖాళీ చేసేటప్పుడు పందిరిని తీసుకెళ్లవచ్చా? మున్సిపాలిటీతో ఇబ్బంది ఉంటుందా?

జవాబు: కాంక్రీటు పోయకముందే అడిగారు కాబట్టి సగం సమస్య తీరినట్టే.

మీకు వర్తించేది ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్. ఇల్లు తన స్వాధీనంలో ఉండగా, తాను నేలకు బిగించినవాటిని అద్దెదారు తీసుకుపోవచ్చని అందులోని (హెచ్) క్లాజు చెబుతుంది. అయితే ఇంటిని తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. యజమాని సమ్మతి లేకుండా శాశ్వత నిర్మాణం చేయకూడదని (పి) క్లాజు అంటుంది. వ్యవసాయ అవసరాలకు మాత్రమే దీని నుంచి మినహాయింపు.

చెక్కతో కట్టింది శాశ్వతం ఎలా అవుతుందని చాలామంది వాదిస్తారు. ఆ వాదన నిలవదు. 1987లో వెంకట్‌లాల్ పిట్టీ కేసులో సుప్రీంకోర్టు చూడమన్నవి వేరు: ఏ ఉద్దేశంతో కట్టారు, నేలకు ఎలా బిగించారు, ఎంతకాలం మన్నుతుంది, విప్పి తీయడం ఎంత సులువు. అంటే మీ వడ్రంగి గుంజ అడుగున ఏం చేస్తాడన్నదే రేపు కోర్టులో మీ సాక్ష్యం.

గుంజను నేరుగా కాంక్రీటులో పాతించకండి. చట్టం సంగతి పక్కనపెట్టినా అది మంచి పని కాదు. కాంక్రీటు, కర్ర కలిసేచోట వాన నీరు నిలిచి, భూమట్టం దగ్గరే కర్ర కుళ్లుతుంది, చెద పడుతుంది. దానికి బదులు అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర లోతున నాలుగు కాంక్రీటు దిమ్మలు బయట పోయించి, ఆరాక గుంటల్లో దించి మట్టి కూరండి. ఒక్కోటి సుమారు 100 కిలోలు ఉంటుంది. పోసేటప్పుడే ప్రతి దిమ్మలో యు ఆకారపు జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పట్టీ నిలబెట్టాలి. 4 అంగుళాల చదరపు గుంజను ఆ పట్టీలో, నేలకు కనీసం అంగుళం పైన ఉండేలా నిలిపి, 12 ఎంఎం బోల్టులు రెండేసి బిగించాలి. మేకులు వద్దు. విప్పేటప్పుడు చెక్క చీలుతుంది, పైగా విప్పడానికి వీలుగా కట్టామన్న మీ మాట బలహీనపడుతుంది.

గుంజ పాతలేదు కాబట్టి పందిరి పక్కకు ఊగకుండా గుంజకూ దూలానికీ మధ్య 45 డిగ్రీల వాలున రెండడుగుల బద్దలు తప్పనిసరి. చాలా పందిళ్లు గాలికి ఒరిగేది ఇవి లేకే. తీగ దట్టంగా అల్లుకున్నాక గాలిని బాగా పడుతుంది. పందిరి కూలిపోయి ఎవరికైనా దెబ్బ తగిలితే మొదట మీమీదికే వస్తారు.

ఇక అగ్రిమెంటు. 108వ సెక్షన్ మొదట్లోనే 'వేరే ఒప్పందం లేనప్పుడు' అని ఉంది. 'అద్దెదారు చేసిన మార్పులన్నీ యజమానికే చెందుతాయి' అన్న వాక్యం మీ 11 నెలల అగ్రిమెంటులో ఉంటే పైన చెప్పిన హక్కు ఎగిరిపోతుంది. ఇలాంటి అగ్రిమెంట్లను చదవకుండానే సంతకం పెడతారు కాబట్టి ముందు తీసి చూడండి. ఫోన్లో అన్న 'మీ ఇష్టం'ను రేపు రుజువు చేయడం కష్టం. కొలతలు, బోల్టులతో బిగించే పద్ధతి, 'ఖాళీ చేసేటప్పుడు మేమే విప్పి తీసుకెళ్తాం, గుంటలు పూడ్చి టైల్స్ సరిచేస్తాం' అన్న మాట రాసి ఓనరు సంతకం తీసుకోండి. వాట్సాప్‌లో 'ఓకే' అన్నా కొంత నయమే. దాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, కాబట్టి ఫోను మార్చినా ఆ చాట్ పోనివ్వకండి. పని మొదలుపెట్టే ముందు నేల ఫొటోలు తీసి పెట్టండి, అడ్వాన్సులో కోతలు పడేది టైల్స్ దగ్గరే.

తాళాలు ఇచ్చేశాక వచ్చి విప్పుకుంటామంటే కుదరదు. స్వాధీనం పోయిన రోజుతో (హెచ్) క్లాజు హక్కూ పోతుంది.

మున్సిపాలిటీ విషయానికొస్తే, 1955 నాటి జీహెచ్ఎంసీ చట్టంలో 'భవనం' నిర్వచనంలో చెక్కతో కట్టినవీ ఉన్నాయి. పైన ఖాళీ బద్దలే ఉన్న తీగ పందిరిని మామూలుగా ఎవరూ పట్టించుకోరు. దాని మీద రేకో పాలీకార్బొనేట్ షీటో వేస్తే మాత్రం సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన స్థలంలో) షెడ్డు అవుతుంది. నోటీసు ఓనరు పేరుమీద రావచ్చు, అప్పుడాయన 'మీ ఇష్టం' అన్నమాట గుర్తుంచుకోరు.

కర్ర డిపోలో కొని బిల్లు తీసుకోండి. పెరట్లో వేప చెట్టుంటే దాని జోలికి పోవద్దు: యజమానికి చెందిన చెట్లను అద్దెదారు కొట్టకూడదని 108 (ఓ) క్లాజు చెబుతుంది, వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద చెట్టు నరకడానికి అనుమతి కావాలి.

రాధామనోహరాన్ని పెద్ద తొట్టిలో పెట్టండి. నేలలో నాటినదీ మీరు తీసుకుపోవచ్చని వాదించవచ్చు కానీ, ఆ వాదన గెలిచేలోపు తీగ ఎండిపోతుంది.