వెర్డెన్‌తో తంటాలు పడుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

జర్మన్ బీ1 (మధ్యస్థాయి) పరీక్ష దగ్గరపడుతోందనీ, ‘వెర్డెన్’ క్రియ దగ్గరికొచ్చేసరికి బుర్ర తిరిగిపోతోందనీ రాశావు. తిరగదూ మరి, దాని అసలు అర్థమే తిరగడం! సంస్కృతంలో ‘వర్తతే’, లాటిన్‌లో ‘వెర్టెరె’ దాని అక్కచెల్లెళ్ళు. పరివర్తన, వర్తులం, ఆవృత్తి అని మనం రోజూ వాడే మాటలూ ఆ ఇంటివే. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి తిరిగితే అదే ‘అవడం’.

‘త’ పోయి ‘డ’ ఎందుకొచ్చిందంటావేమో. సంస్కృతంలో ‘త్రి’, ఇంగ్లీషులో ‘త్రీ’, జర్మన్‌లో ‘డ్రై’ కదా, ఇదీ అదే వరస. డచ్‌వాళ్ళు ‘వోర్డెన్’ అంటారు, ఐస్‌లాండ్‌లో ‘వెర్ధా’. స్వీడన్‌వాళ్ళు మాత్రం తమ మాటను దాదాపు వదిలేసి, మధ్యయుగాల్లో ఉత్తర జర్మనీ వర్తకుల భాష నుంచి వచ్చిన ‘బ్లీ’తో కాలక్షేపం చేస్తున్నారు. అది జర్మన్ ‘బ్లైబెన్’కి చుట్టం, అంటే ‘ఉండిపోవడం’. ఉండిపోయేది ‘అవడం’గా ఎలా మారిందో, నాకైతే ఇప్పటికీ తమాషాగానే ఉంటుంది. ఇంగ్లీషులో ఈ క్రియ ఎప్పుడో పోయింది. 1611 నాటి బైబిల్లో, యెహెజ్కేలు గ్రంథంలో, ‘వో వర్త్ ద డే’ అన్నచోట ‘వర్త్’గా దాని ఆనవాలు కనిపిస్తుంది.

అందుకే ఇక్కడ ఇంగ్లీషును నమ్ముకోకు. ‘బికమ్’ లాగే ఉంది కదా అని ‘బెకొమ్మెన్’ వాడావో, డాక్టర్ని అవుతానని చెప్పబోయి నాకో డాక్టర్ దొరుకుతాడని చెప్పినట్టవుతుంది. ఇంగ్లీషు ‘ఐ విల్’లా కనిపించే ‘ఇఖ్ విల్’ కూడా అంతే. చేస్తానని కాదు, చేయాలనుందని.

భవిష్యత్తు చెప్పడానికీ వెర్డెన్ వాడతారు గానీ, అక్కడ తెలుగే మంచి ఆసరా. ‘రోజూ వస్తాడు’, ‘రేపు వస్తాడు’ అని రెండిటికీ ఒకే రూపం వాడతాం కదా, జర్మన్‌లోనూ ‘ఎర్ కొమ్ట్ మోర్గెన్’ అంటే చాలు. ప్రతి వాక్యంలోనూ వెర్డెన్ రూపమైన ‘విర్ట్’ ఇరికించక్కర్లేదు. ఊహకో, గట్టిగా మాటివ్వడానికో దాచుకో.

అసలు టెన్షన్ పెట్టేది వెర్డెన్‌తోనే చేసే కర్మణి ప్రయోగం. మనం ‘తలుపు మూయబడుతోంది’ అనం, ‘తలుపు వేస్తున్నారు’ అంటాం. జర్మన్‌లో అది ‘దీ ట్యూర్ విర్ట్ గెష్లోసెన్’. ‘తలుపు వేసి ఉంది’ అనాలంటే ‘విర్ట్’ తీసేసి ‘ఇస్ట్’ పెట్టు. పని నడుస్తోందా, అయిపోయి అలా ఉందా అని తెలుగులో ఓసారి అనుకుని చూడు, ఏది పెట్టాలో తెలిసిపోతుంది.

ఇంకొక్కటి. ‘డాక్టర్ అయ్యింది’ అన్నప్పుడు చివర ‘గెవోర్డెన్’ వస్తుంది. ‘ఇల్లు కట్టారు’ అనే కర్మణిలో ‘గెబౌట్ వోర్డెన్’, ముందు ‘గె’ ఉండదు. రెండింటికీ సహాయక్రియ ‘జైన్’ (ఉండు; ‘ఇస్ట్’ దాని రూపమే), ‘హాబెన్’ (కలిగి ఉండు) కాదు. పరీక్షలో మార్కులు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే.

ముందు డు విర్స్ట్ (నువ్వు అవుతావు), ఎర్ విర్ట్ (అతను అవుతాడు) నోటికి వచ్చేలా పైకి చదువు. తర్వాత మీ ఇంట్లో ఇవాళ జరిగిన పనుల మీద పది వాక్యాలు రాసి పంపు, దిద్దుతాను.

మీ మామయ్య