దసరా లోపే వల కట్టు తమ్ముడూ

ఒంగోలు నుంచి వెళ్ళి ఇంగ్లండ్‌లో ఈమధ్యే ఇల్లు కొన్న తమ్ముడి సందేహం ఇది. "పాత ఓనర్లు పెరట్లో చేపల కొలను వదిలేసిపోయారన్నా. చుట్టూ పెద్ద చెట్లు. ఆకులు రాలినప్పుడు వారానికోసారి తీసేస్తే సరిపోదా?"

సరిపోదు. మన వేపచెట్టు మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాల్చి ఉగాదికల్లా పూతకొస్తుంది. అక్కడ ఆకులు రాలేది అక్టోబరు, నవంబరుల్లో. ఒక్క రాత్రి గాలివాన కొడితే చాలు, తెల్లారేసరికి కొలనులో నీళ్ళు కనపడవు.

నేనూ ఇంగ్లండ్ నుంచి సెలవులకొచ్చి, నెల్లూరు జిల్లా ముత్తుకూరు దగ్గర మా బావ రొయ్యల గుంట గట్టు మీద కూర్చొని ఈ జవాబు రాస్తున్నాను. నీ సంగతి చెప్తే బావ నవ్వాడు. "అడుగు కుళ్ళితే నీళ్ళలో గాలి చాలదు. అది ఏ దేశమైతే ఏంది బావా?" నిజమే. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుందనే గదా, ఇక్కడ రాత్రంతా నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పేది! మునిగిన ఆకు కుళ్ళేటప్పుడు కూడా ఆ ఆక్సిజనే ఖర్చవుతుంది. పైగా చలికాలంలో నీళ్ళ మీద గడ్డ కట్టిందంటే, కుళ్ళులోంచి వచ్చే విషవాయువులు బయటికి పోయే దారుండదు. చేపలు చచ్చేది అప్పుడే.

కాబట్టి ఆకు రాలడం మొదలవ్వకముందే, దసరా లోపు వల కట్టు. ఆకు దూరనంత చిన్న కన్ను ఉండాలి. నేను మొదటి ఏడాది వలను ఊరికే నీళ్ళ మీద పరిచాను. వానకు ఆకులు తడిసి బరువెక్కి, వలతో సహా మునిగిపోయాయి. నీళ్ళు కాఫీ డికాషన్ రంగుకొచ్చాయి. చలికాలం పోయేసరికి రెండు చేపలు పోయాయి. మరుసటేడు వెదురు బొంగులు నిలబెట్టి, మధ్యలో ఎత్తుగా గుడారంలా బిగించాను. ఆకులు జారి పక్కన పడ్డాయి, ఊడ్చుకోవడం తేలికైంది. వదులుగా వేలాడే వలలో పిట్టలు చిక్కుకుంటాయి, బిగువు ముఖ్యం. అంచుల్లో ఒకట్రెండు చోట్ల కప్పలు వచ్చిపోయేంత సందు వదులు. ఇంకో మాట, ఆ వల పసిపిల్లల్ని ఆపదు. వాళ్ళుంటే గట్టి కంచె వేరే వేయించాల్సిందే.

వల కట్టినా కొన్ని ఆకులు పడతాయి. చేతి జాలితో తీసి, ఒక రాత్రి గట్టు మీదే ఉంచు. వాటిలో చిక్కిన చిన్న పురుగులు మళ్ళీ నీళ్ళలోకి పోతాయి. తర్వాత ఓ మూల కుప్ప పోసుకుంటే ఏడాది రెండేళ్ళకు మొక్కలకు మంచి ఎరువు.

గడ్డ కట్టినప్పుడు మాత్రం సుత్తితో కొట్టకు, ఆ అదురుకు చేపలు తట్టుకోలేవు. వేడినీళ్ళ గిన్నె దాని మీద పెడితే మెల్లగా కన్నం పడుతుంది. ఉప్పు చల్లొద్దు.

నీళ్ళు పది డిగ్రీల లోపుకి దిగితే మేత ఆపెయ్యి, అప్పుడు చేపలకు అరగదు. ఈ ముక్క మీ అమ్మగారికి ముందే చెప్పు. మా అమ్మ వచ్చినప్పుడు, పాపం ఆకలేస్తుందేమోనని, నేను ఆఫీసుకెళ్ళగానే అన్నం మెతుకులు వేసేది.