ప్రాస కుదిరినా నవ్వు ఎందుకు రావడం లేదు?

భౌతిక, గణిత శాస్త్రాల మీద లిమరిక్కులు (ఐదు పాదాల ఆంగ్ల తరహా హాస్య పద్యాలు), ఇతర హాస్య పద్యాలు రాయాలని ఉందనీ, సూత్రాల పేర్లు పెట్టి అంత్యప్రాస కలుపుతున్నా చదివినవారికి నవ్వు రావడం లేదనీ మీరు అడిగారు. చాలాకాలంగా ఈ పని ఇష్టంగా చేస్తున్నవాడిగా నాకు తెలిసినది చెబుతాను.

న్యూటన్, ఐన్‌స్టీన్, క్వాంటమ్ అనే మాటలు పద్యంలో ఉన్నంత మాత్రాన హాస్యం పుట్టదు. సూత్రం చెప్పే నిజమే ఒక మనిషికి ఎదురుపడి అతడిని ఇరకాటంలో పెట్టాలి. అందుకే నేను ప్రాసపదాల కోసం వెతకడానికి ముందు, ఎంచుకున్న సూత్రాన్ని ఒక్క మామూలు వాక్యంలో రాసుకొని, ఆ నిజం తెలియక ఎవరు బోల్తా పడగలరో ఆలోచిస్తాను. చర్యకు ప్రతిచర్య సమానంగా, వ్యతిరేక దిశలో ఉంటుందన్న మూడో గమన నియమం నుంచి ఇలా వచ్చింది:

కోపాన గోడనే గుద్దె రామయ్య,
"నా దెబ్బకెదురేది, చెప్పండిరయ్య!"
గోడేమి అనలేదు,
గొడవకే దిగలేదు,
ఎంతిస్తె అంతేను తిరిగిచ్చెనయ్య!

ఇందులో న్యూటన్ పేరు లేదు, బలం అనే మాట కూడా లేదు. రెండో పాదంలో రామయ్య వేసిన ప్రశ్నకు ఐదో పాదంలో నియమమే జవాబు చెబుతుంది. నిజానికి నేను మొదట రాసుకున్నది ఐదో పాదమే. తక్కిన నాలుగూ దానికి దారి తీయడానికి వచ్చాయి. ఈ క్రమం మీకూ ఉపయోగపడుతుందని గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే మొదటి పాదం నుంచి వరుసగా రాసుకుంటూ పోతే చివరికి ప్రాస దొరుకుతుందేమో గాని నవ్వు తెప్పించే విరుపు దొరకదు.

లయ విషయానికి వస్తే, ఆంగ్ల లిమరిక్కు ఊనికల మీద, అంటే మాటలో నొక్కి పలికే చోట్ల మీద నడుస్తుంది. మన భాషకు మాత్రలే తగినవి (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు). పై పద్యంలో 1, 2, 5 పాదాలకు 18 మాత్రలు, అంటే 5, 5, 5, 3. మధ్యలోని పొట్టి పాదాలకు 5, 5 చొప్పున 10 మాత్రలు. ఖండగతిలో, అంటే ఐదేసి మాత్రల నడకలో, చేత్తో తాళం వేస్తూ పైకి చదివితే ఎక్కడ మాత్ర తప్పినా వెంటనే తెలిసిపోతుంది.

లిమరిక్కే కావాలన్న నియమం పెట్టుకోనక్కర లేదు. పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే గణితవేత్త మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు కాబట్టి లెక్కలు మన ఛందస్సుకు కొత్తవి కావు. హాస్యానికి నాకు ఆటవెలది బాగా నచ్చుతుంది. పాదాలు చిన్నవి, ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవాలన్న) నియమం లేదు, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం పొసగడం) ఒక్కటి చూసుకుంటే చాలు. సమాంతర రేఖల మీద రాసినది ఇది:

రేఖ పక్క రేఖ, రెంటికీ స్నేహమే,
యెంత దూరమేగ నింతె యెడము;
కలిసి నడచు గాని కలియవెన్నడు నవి,
గొడవపడుటకైన గూడలేవు!

రెండో పాదం సమాంతరత్వానికి లక్షణం, మూడో పాదం దాని ఫలితం, నాలుగో పాదం ఆ ఫలితాన్ని మనుషుల బంధుత్వంలోకి లాగినప్పుడు పుట్టే నవ్వు. పాఠం తెలిసినవారు ముందే సిద్ధంగా ఉంటారు, తెలియనివారు పద్యం ముగిసేసరికి తెలుసుకుంటారు.

శాస్త్రం విషయంలో మాత్రం కవులకు మినహాయింపు ఇవ్వకూడదన్నది నా అభిప్రాయం. ప్రాస కోసం కాంతి వేగాన్ని దాటించినా, ద్రవ్యరాశి అనవలసిన చోట బరువు అన్నా, తెలిసిన పాఠకుడు నవ్వే ముందు ఆ తప్పు దగ్గరే ఆగిపోతాడు. పదక్రీడల రచయిత లీ మెర్సర్ పేరున ప్రచారంలో ఉన్న ప్రసిద్ధమైన ఆంగ్ల లిమరిక్కు ఈ నిష్ఠకు పరాకాష్ఠ. పన్నెండు, నూట నలభై నాలుగు, ఇరవై, నాలుగు వర్గమూలానికి మూడు రెట్లు కలిపి, మొత్తాన్ని ఏడుతో భాగించి, ఐదు పదకొండులు చేరిస్తే తొమ్మిది వర్గమే గాని ఒక్కటి కూడా ఎక్కువ కాదని ఆ ఐదు పాదాలూ చెబుతాయి. వేసి చూడండి: 182ను 7తో భాగిస్తే 26, దానికి 55 కలిపితే 81. పద్యమంతా ఒక సమీకరణమే, ప్రాస తప్పలేదు, లెక్కా తప్పలేదు.

మీరు మొదలుపెట్టడానికి ఒక విషయం సూచిస్తాను. నా సమాంతర రేఖల పద్యం సమతలం మీదే నిజం. భూగోళం మీద రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర ఒకదాని పక్కన ఒకటి నిటారుగా బయలుదేరి కూడా చివరికి ధ్రువాల వద్ద కలుసుకుంటాయి. అక్కడ ఆ జంటకు గొడవ తప్పదు, కాబట్టి ఆ నాలుగో పాదానికి జవాబుగా మీరొక ఆటవెలది రాయవచ్చు.